వేగుచుక్క మీద పరదా

దగ్గరికి జరగండి. ఆ గోడకు మాత్రం ఆనుకోకండి, పొద్దుగూకి ఇంతసేపైనా దాని వేడి దిగలేదు. ఈ చాప మీద, నా పక్కన కూర్చోండి. మా వంకరకొమ్ముల బర్రె సంగతి చెబుతాను. ఆకాశంలో చుక్క సంగతి కూడా ఇందులోనే వస్తుంది. రెండూ వేరు వేరు కథలని మొదట నేనూ అనుకున్నాను.

మాది పాల ఇల్లు. ఫలక్‌నుమా రైలు కూత వినబడే గల్లీలో ఉంటాం. మా మామగారి నాడు కొట్టం నిండా బర్రెలుండేవి. తర్వాత చుట్టూ ఇళ్లు లేచాయి, మేత దూరమైంది, ఒక్కొక్కటీ తరిగిపోయి చివరికి ఈ ఒక్కటి మిగిలింది. పోయిన ఎండాకాలం అది చూడిది. వానలు పడ్డాక ఈనాలి. ఆడదూడ పుడితే కొట్టం మళ్లీ నిలబడుతుందని మా ఆయన ఆశ. లేకపోతే పాల ఇల్లన్న మాట ఆయనతోనే ఆగిపోతుంది. ఆ వేసవంతా ఆయన కోరుకున్నది ఒక్కటే, అది వానల దాకా నిలబడాలని.

పాలవాళ్లకు గడియారం వేగుచుక్కే. తూర్పున అది పైకి రాగానే ఆయన లేచి కొట్టంలోకి వెళ్లేవాడు. కొన్ని నెలలు అది పొద్దున కనబడదు, సాయంత్రం పడమట తేలుతుంది. ఆ నెలల్లో ఆయన నిద్ర లెక్క తప్పి అందరి మీదా చిరచిరలాడేవాడు. పోయిన ఎండాకాలం అది పొద్దునే వచ్చింది. బర్రె వట్టిపోయి పాలివ్వకపోయినా, చుక్క పొడవగానే లేచి దానికి కుడితి పెట్టి, ఒంటి మీద నీళ్లు పోసి, కడుపు నిమిరేవాడు.

మా కోడలు సంతోష్‌నగర్‌లో ఒక చిన్న బడిలో సైన్సు చెబుతుంది. మర్నాటి పాఠం వంటింట్లోనే చూసుకుంటుంది. ఒక సాయంత్రం రొట్టెలు కాలుస్తూ, "అత్తమ్మా, మన వేగుచుక్క చుక్కనే గాదు. భూమి లెక్క అది గూడ ఒక గ్రహం, శుక్రుడు" అంది.

"మూఢం వస్తే పెండ్లిళ్లు ఆపిచ్చేది గా శుక్రుడేనా?"

"గాయనే. గాడ సీసం పెడితే కరిగి కారుతది, గంత వేడి."

మా ఆయన గడప మీద కూర్చుని పలుపు తాడు పేనుతున్నాడు. "సూర్యుని పక్కకే ఉంటడేమో" అన్నాడు తలెత్తకుండానే.

"బుధుడు ఇంకా పక్కకుంటడు మామా. అయినా శుక్రుడే ఎక్కువ కాలుతడు. బుధునికి గాలి లేనట్టే, పగలు కాలినా రాత్రికి చల్లారుతడు. శుక్రునికి గాలి మస్తు మందం, మీద మబ్బులు. లోపలి వేడి బయటికి పోదు. కుజునికేమో గాలి పల్చన, చలికి గడ్డకడతడు. సరిగ్గ సరిపోయే కప్పు మన భూమికే ఉన్నది."

"సరిపోయిందైతే గీ ఎండలేంది మరి?"

"మనం బొగ్గు కాలుస్తున్నం, పెట్రోలు, డీజిలు కాలుస్తున్నం, అడవులు నరుకుతున్నం. ఆ కాలినదాంట్ల నుంచి వచ్చే గాలి పైన చేరి వేడిని పోనిస్తలేదు. కప్పు మందమైతున్నది." నవ్వు ఆపుకుంటూ, "బర్రెలు తేన్చినా కొంత మందమైతదట మామా" అంది.

మా ఆయన తాడు పక్కన పెట్టాడు. "నీ బుక్కు రాసినోడు చాయ్‌ల పాలు పోసుకోడా బిడ్డా?"

"మన ఒక్క బర్రెతోని గాదు మామా, అసలు లొల్లి బొగ్గుతోని, పెట్రోలుతోని."

"మరి గట్ల చెప్పు. నా బర్రె జోలికి రాకు."

అందరం నవ్వాం. మా కొడుకు అప్పుడే ఆటో ఆపి లోపలికి వచ్చాడు. ఏమైందని అడిగితే, "నీ ఆటో పొగ గురించే" అన్నాను. ఆ పొగతోనే కదా మా ఇంట్లో అన్నం ఉడికేది. వాడు కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

వైశాఖంలో ఎండ మరీ ముదిరింది. పగలు కాలడం మాకు కొత్త కాదు. రాత్రులు చల్లబడకపోవడం కొత్త. నా చిన్నతనంలో డాబా మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి లాక్కునేవాళ్లం. ఇప్పుడు తెల్లవారేసరికి కూడా బండ కాలుతూనే ఉంటుంది. బర్రె నాలుక బయటపెట్టి రొప్పేది. నల్లటి ఒళ్లు, చెమట సరిగా పట్టదు, దొర్లడానికి చెరువు లేదు. తడిపిన గోనెసంచులు కప్పేదాన్ని, చూస్తుండగానే ఆరిపోయేవి.

పక్కింటాయన పెళ్లిళ్లకు షామియానాలు వేస్తాడు. బర్రె అవస్థ చూడలేక ఒకరోజు మందపాటి టార్పాలిన్ పరదా భుజాన వేసుకుని వచ్చాడు. "అన్నా, ఇది కట్టు. వడగాలి జర్రంత గూడ లోపలికి రాదు. మజ్‌బూత్ మాల్, చినగదు."

"నా బర్రెకు గూడ పెండ్లి జేస్తవా భాయ్?"

"పురుడు జేద్దమన్నా, దూడను జూపియ్యి చాలు."

ఇద్దరూ కలిసి కొట్టం చుట్టూ కట్టారు. కోడలు బడి నుంచి వచ్చి చూసి, "పగలు ఉండనియ్యిండ్రి మామా. పొద్దుగూకినంక విప్పుండ్రి, లోపలి ఉడుకు పోవాలె" అని చెప్పింది. ఆయన మోకాళ్లు నొప్పి పెడుతున్నా రోజూ సాయంత్రం విప్పేవాడు, పొద్దున కట్టేవాడు. బర్రె కొంచెం తేరుకుంది. కడుపులో దూడ కదిలితే నన్ను పిలిచి నా చెయ్యి అక్కడ పెట్టించాడు.

ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. ఆకాశమంతా మబ్బు కమ్మింది. ఎండకు కాగిన చూడి బర్రె మీద ఒక్కసారిగా చల్లటి వానజల్లు కొడితే ప్రమాదమని పాలవాళ్లలో ఒక భయం ఉంది. ఆయన పరదా విప్పలేదు, గాలికి లేవకుండా కింద ఇటుకలు కూడా పెట్టాడు. కోడలు అడిగితే, "వాన పడుతది బిడ్డా, గీ ఒక్క రాత్రి" అన్నాడు.

వాన పడలేదు. మబ్బు మాత్రం కదల్లేదు. గాలి ఆగిపోయింది.

తెల్లవారుజామున ఆయన లేచి తూర్పు చూశాడు. మబ్బు వెనక చుక్క కనబడలేదు. ఇంకా లేచే వేళ కాలేదనుకుని మళ్లీ ఒరిగాడు. ఫలక్‌నుమా వైపు నుంచి రైలు కూసినప్పుడు ఉలిక్కిపడి లేచి కొట్టానికి ఉరికాడు, వెనకే నేనూ. పరదా ఎత్తగానే లోపలి ఉడుకు నా మొహానికి కొట్టింది. బర్రె పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు పోశాం, పోస్తూనే ఉన్నాం. తల ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు. తెల్లారేసరికి పోయింది. దూడ కూడా దాని కడుపులోనే పోయింది.

పక్కింటాయన వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. "అన్నా, నా పరదానే దాని పానం తీసింది."

"నీ పరదా ఏం జేసింది భాయ్. నీడ ఇచ్చింది. నేనే విప్పలే."

బండి వచ్చి బర్రెను తీసుకుపోయాక కోడలు ఆయనకు చాయ్ తెచ్చింది. ఆయన గ్లాసు పట్టుకోలేదు. "బిడ్డా, నీ బుక్కు రాసినోన్ని రాసుకోమను. తేన్చే బర్రె ఒకటి తగ్గింది."

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న తర్వాత ఆయనకూ తెలిసింది. లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నీ పాఠం నిజమే బిడ్డా. విన్న, చెయ్యలే" అన్నాడు.

తర్వాత ఆ పరదాను ఉతికి, మడిచి ఇచ్చేశాం. కొట్టం ఖాళీ. ఆయన మాత్రం ఇప్పటికీ ఆ వేళకే లేస్తాడు. ఒకరోజు చుక్కను చూస్తూ నిలబడి ఉంటే, వాకిలి ఊడుస్తున్న కోడలిని అడిగాడు, "గా వేగుచుక్క మీది కప్పు ఎవలు విప్పుతరు బిడ్డా?"

"దానికెవలు లేరు మామా, ఇగ అంతే."

"మనదో?"

"మనది మనం కప్పుకున్నదే గదా" అంది. విప్పగలమో లేదో మాత్రం చెప్పలేదు. ఆయన కొట్టంలోకి వెళ్లి ఖాళీ కుడితి తొట్టిని కడిగాడు, రోజూ కడుగుతాడు.

వాన ఆలస్యంగా వచ్చింది. అది కొట్టం రేకుల మీద పడుతుంటే మేమిద్దరం గడప మీద కూర్చుని విన్నాం.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట పగలు ఎంత కాలినా రాత్రి చల్లబడాలి. మీ డాబా మీద తెల్లవారుజామున పిల్లలు దుప్పటి గుంజుకోవాలి. మీ ఇంటి పాడి, కడుపులో ఉన్నదానితో సహా, వానల దాకా నిలబడాలి.