కుళ్ళాయప్పకు అంతు చిక్కని శబ్దం

గోరంట్లలో కుళ్ళాయప్ప అంతటి డంబాచారిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. చూడనక్కర్లేదు కూడా, ఊరికి ఒక్కడే చాలు. కదిరి రోడ్డు మిట్ట మీద అతని సైకిలు షాపు, దాన్ని ఆనుకుని నా కుట్టుమిషను, మధ్యలో ఒక తడిక. ఆ తడిక పుణ్యమా అని అతని గొప్పలు వినే శిక్ష ఏళ్ళ తరబడి నాకు పడింది. అతను వేసేది పంక్చర్లు. బెంగుళూరులో ఏదో గ్యారేజీలో కొన్నాళ్ళు స్పానర్లు తుడిచి వచ్చి, తలుపు మీద సుద్దతో ‘ఇంజిన్ల డాక్టరు’ అని రాసుకున్నాడు. పందొమ్మిదొందల యాభైల్లో మా ఊళ్ళో ఇంజిన్లంటే పిండిమిషను ఒకటి, బావుల మీద ఆయిలింజిన్లు రెండో మూడో. బావుల్లో నీళ్ళే లేవు. తిరగని ఇంజినుకు రోగమేం వస్తుంది, వైద్యమేం చేస్తాడు?

అయినా నోరు ఊరుకునేది కాదు. "శబ్దం ఇంటే చాలు యేసన్నా, రోగం యాడుండాదో చెప్తా. నాకు అంతు చిక్కని శబ్దం ఈ భూమ్మీద ల్యా," అనేవాడు నాతో, రోజూ.

అతణ్ణి పోషించింది ఆ చెవులు కావు, పెళ్ళాం ఆంజినమ్మ చేతులు. వానలు వరసగా ఎగ్గొట్టేసరికి జనం విత్తనాల చెనిక్కాయలు కూడా వేయించుకుని తినేశారు. సైకిళ్ళు అమ్ముకున్నవాళ్ళు ఇంక పంక్చర్లేం వేయించుకుంటారు! కరువు పనులని మిట్ట కింద రోడ్డుకు కంకర కొట్టించడం మొదలైంది. ఆంజినమ్మ పసిబిడ్డను చంకనేసుకుని ఆ పనిలో చేరింది. తుమ్మచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి, పిల్లాణ్ణి అందులో వేసి, ఎండలో కూచుని సుత్తి పట్టేది. ఆ కూలి వల్లనే డాక్టరుగారి నోట్లోకి సంగటి ముద్ద పోయేది.

పని చేయించే కాంట్రాక్టరు శ్రీరంగప్ప. అతని గురించి మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు. సుత్తి ఆపిన ఆడదాన్ని ఆ పూటే పనిలోంచి తీసేసేవాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా సరే. "పాలిచ్చేదానికి నేను కూలియ్యల్నా?" అనేవాడు. తను మాత్రం పొద్దున్నే దోసెలు తిని, యుద్ధకాలం నాటి మిలిటరీ మోటారు సైకిలు మీద ఊరేగుతూ వచ్చేవాడు.

ఆ మోటారు సైకిలుకు ఒక వింత శబ్దం ఉండేది. దేవుడే జాలిపడి పెట్టాడని ఆడవాళ్ళ నమ్మకం. చల్లగా ఉన్నంతసేపు బండి గుట్టుగా నడిచేది. మిట్ట ఎక్కి వేడెక్కిందా, ఫటేల్ ఫటేల్‌మని ఎవరో చెంపలు వాయిస్తున్నట్టు మోగేది. కింద వందలాది సుత్తుల మోతలో కూడా ఆ చప్పుడు వినపడేది. వినపడగానే పాలిచ్చే తల్లులు పిల్లల్ని ఉయ్యాలల్లో వేసి, పైటలు సర్దుకుని, సుత్తులు అందుకునేవారు. శ్రీరంగప్ప వచ్చేసరికి అందరి చేతులూ ఆడుతూ ఉండేవి. ఆ శబ్దం లేకపోతే ఆ పిల్లలకు పగలు పాలు లేవు. ఇంత చిన్న సంగతి.

హిందూపురం మెకానిక్కులు ఆ ఇంజినును రెండుమార్లు విప్పి బిగించారు. షాపులో చల్లటి బండి స్టార్టు చేసి విని, "ఏమీ లేదు పోండి" అన్నారు. ఇక శ్రీరంగప్ప కుళ్ళాయప్ప దగ్గరికే వస్తాడని పసిగట్టి, ఆంజినమ్మ పనికి పోతూ పోతూ షాపు ముందు ఆగి మొగుడికి గట్టిగా చెప్పింది. నేను తడిక ఇవతల నుంచి విన్నాను.

"ఆ బండి జోలికి మాత్రం పోవద్దు. ఆ శబ్దం ఉండబట్టే పిల్లోనికి పాలిస్తాండా."

"నాకు తెల్దా ఏమి? నేనేమన్నా పిచ్చోన్నా?" అన్నాడు మహానుభావుడు.

శ్రీరంగప్ప ఆ ఉదయమే వచ్చాడు. వాడు మాత్రం తక్కువవాడా! బండి దిగకుండానే, చుట్టూ నలుగురు వినేలా అన్నాడు: "ఏమప్పా డాక్టరూ, హిందూపురం వాళ్ళకే చేతకాల్యా. నీకేం చేతనవుతాది గానీ, ఆ బోర్డు రొంత తుడిపెయ్."

అంతే. పెళ్ళాం, పిల్లాడు, పొద్దుటి మాట అన్నీ ఎగిరిపోయాయి. "చేతకాదా? నాకా?" అంటూ లేచాడు. నేను దగ్గాను, తడిక తట్టాను. తలైనా తిప్పలేదు.

పని వచ్చని ఒప్పుకోక తప్పదు, అదే నాకు మంట. శ్రీరంగప్పను మిట్ట మీద పైకీ కిందికీ తిప్పించి బండిని బాగా వేడెక్కించాడు. ఇంజిను ఆపనివ్వలేదు. కట్టెపుల్ల ఒక కొన పళ్ళ మధ్య కరిచి, రెండో కొన ఇంజినుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "లోపల కాదు," అన్నాడు. తర్వాత ఊదుబత్తి ముట్టించి, కాలుతున్న కొనను ఇంజిను చుట్టూ తిప్పాడు. శ్రీరంగప్ప పూజ అనుకుని చెప్పులు విడిచాడు, దద్దమ్మ! పొగగొట్టం ఇంజినులో కలిసే మెడ దగ్గర ఊదుబత్తి పొగ ఎగిరెగిరి పడింది.

"ఈడ! లోపలి రాగి వాషరు పగిలిపోయిండాది. వేడెక్కితే సందు ఇచ్చుకుని గాలి ఈన్నుంచి తంతాండాది."

కొత్త వాషరు యాడుంది? ఇంట్లోకి పోయి, ఆంజినమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగిచెంబు పట్టుకొచ్చాడు. అడుగు భాగంలోంచి గుండ్రంగా కత్తిరించి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరిచి, మెడలో పెట్టి బిగించాడు. బండి మళ్ళీ మిట్ట ఎక్కింది. శబ్దం లేదు. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు. కుళ్ళాయప్ప మీసం దువ్వుకున్నాడు. శ్రీరంగప్ప ఇంజిను ఆపేసి, వాలు మీద చల్లగా కిందికి జారిపోయాడు.

మధ్యాహ్నం కాకముందే ఆంజినమ్మ తిరిగొచ్చింది. సుత్తి లేదు, చంకలో పిల్లాడు. పిల్లాడు పాలు తాగుతుండగా చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి నిలబడ్డాడట శ్రీరంగప్ప. ఆమెనూ, ఇంకో ఇద్దరు తల్లులనూ అక్కడికక్కడే పొమ్మన్నాడట. సగంలో లాగేసిన పిల్లాడు ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. షాపులో కోసేసిన చెంబు చూసింది. పిల్లాణ్ణి తీసి మొగుడి జిడ్డు చేతుల్లో పెట్టింది.

"ఇదీ ఒక శబ్దమే. యాడ నుంచి వస్తాందో కనుక్కో. నిలుపు."

అని గడప మీద కూచుంది. పిల్లాడు గొంతు చించుకుంటున్నాడు. ఇంజిన్ల డాక్టరు వాణ్ణి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, భుజానేసుకున్నాడు. వాడు ఆపలేదు. కుళ్ళాయప్ప నా వైపు చూశాడు. నా దగ్గరేముంది, గుండీలు తప్ప! నాకు జాలి వేయలేదు. ఒళ్ళు మండింది. "నోటితోనే సంసారం చేసుకో పో" అన్నాను. చివరికి ఆంజినమ్మే బిడ్డను అందుకుంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ తడిక అవతల గొప్పలు వినపడలేదు. ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది.

శ్రీరంగప్ప కూలీల ముఖాలు ఎన్నడూ చూసినవాడు కాదు, చేతులు ఆడుతున్నాయా లేదా అనే చూసేవాడు. అందుకే ఆంజినమ్మ తలమీద ముసుగు లాక్కుని, మడకశిర వైపు నుంచి వచ్చిన గుంపులో కలిసి మళ్ళీ పనిలో చేరగలిగింది. కానీ పగలంతా పిల్లాడి ఏడుపు వింటూ సుత్తి ఆపకుండా కొట్టవలసిందే. రొమ్ములు గడ్డకట్టి జ్వరం తెచ్చుకుంది.

ఒకరోజు శ్రీరంగప్ప బండికి తుమ్మముల్లు గుచ్చుకుంది. చక్రం విప్పుతూ కుళ్ళాయప్ప, "కాఫీ తాగి రాపో సామీ, పొద్దవుతాది," అని పంపించాడు. ఆ కాస్తలో పొగగొట్టం మెడ విప్పి, రాగి వాషరు తీసి జేబులో వేసుకోవడం నేను తడిక సందులోంచి చూశాను. చూసి, నా మిషను గట్టిగా తొక్కాను.

అరగంటలో ఫటేల్ ఫటేల్‌మంటూ శ్రీరంగప్ప వెనక్కి వచ్చాడు. ముందుకంటే రెండింతలు మోత. వీధంతా గుమిగూడింది.

"ఏందిరా ఇది? మళ్ళీ వచ్చిండాదే!"

కుళ్ళాయప్ప పుల్ల కరిచి విన్నాడు. ఊదుబత్తి ఎక్కడెక్కడో తిప్పాడు, మెడ దగ్గర తప్ప. పుల్ల తీసి పక్కన పడేశాడు. తర్వాత, అందరి ముందూ, ఆ నోటితోనే అన్నాడు:

"నాకు చేతకాల్యా సామీ. ఈ శబ్దం యాడ నుంచి వస్తాందో అంతు చిక్కల్యా."

జనం గొల్లుమన్నారు. శ్రీరంగప్ప తలుపు మీది సుద్ద రాతను చెప్పుకాలితో తుడిచేసి, కాండ్రించి ఉమ్మి, బండెక్కాడు. కుళ్ళాయప్ప తల ఎత్తలేదు. అందరూ పోయాక కూడా మోత మిట్ట దిగుతూ వినపడుతూనే ఉంది.

అప్పుడు తడిక దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"యేసన్నా, కంకర కొట్టేకాడికి ఇనపడింటాదా?"

"మడకశిర దాకా ఇనపడింటాది. గమ్మునుండు ఇంగ," అన్నాను.