పొలుసుల తల్లి

బాపు గడ్డపార ఎత్తింది నా మాట మీదే. అప్పుడు నేను ఐదో తరగతి. ఎల్లారెడ్డి దగ్గర మా మక్కచేనులో, ఒళ్లంతా పొలుసులున్న జంతువొకటి బంతిలా ముడుచుకుని పడి ఉంది.

"ఇదేందే బిడ్డా? సదువుకునేదానివి, నువ్వు చెప్పు."

"పాములకు పొలుసులుంటయని సార్ చెప్పిండు బాపు. ఇది గూడ పాము జాతే."

"గట్లనా? నేనైతే ఇడిచిపెడుదామనుకున్న."

ఒక్క దెబ్బకే అది చచ్చిపోయింది. తిరగేస్తే రొమ్ముల నుంచి పాలు కారాయి. బాపు గడ్డపార మట్టికి రుద్ది తుడిచాడు.

నిన్న కామారెడ్డిలో మనవరాలి పుస్తకం తిరగేస్తుంటే, పాలిచ్చే జంతువుల పేజీలో దాని బొమ్మ కనిపించింది. పేరు అలుగు. ఆ పొలుసులు మన గోళ్లలాంటివేనట.

ఆ పాలు తాగే పిల్ల ఏ బొరియలో ఉందో ఆ రోజు మేమెవరం వెతకలేదు.