ఒకవైపు వాడిన కాగితాలు

యంత్రాలకు మరపు లేదని ఆ రేడియో స్టేషన్‌లో చేరిన మొదటి వారం నుంచే అందరికీ చెబుతూ వచ్చాను. అడగనివాళ్లకు మరీ ఎక్కువగా చెప్పాను. పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్యన ఒక ట్రస్టు నడిపే చిన్న ఎఫ్ఎం స్టేషన్ అది. పొద్దున కూరగాయల ధరలు, మధ్యాహ్నం పాశమైలారం కార్మికులకు హిందీ పాటలు, సాయంత్రం మా హత్నూర వైపు రైతులతో ముచ్చట్లు. దాన్నంతా డిజిటల్ చేయడానికి నన్ను పెట్టుకున్నారు.

అప్పటికే అక్కడొక ఆపరేటర్ ఉన్నారు. ఎప్పుడో గుంటూరు వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన. పాత పద్ధతిలో ఒక్కో మైకు నుంచి ఒక్కో వైరు, శబ్దాలన్నీ కలిపే మిక్సర్ దాకా వెళ్లేది. ఏ వైరు ఎక్కడ తెగిందో ఆయన కళ్లు మూసుకుని చెప్పేవారు. నా కొత్త పద్ధతిలో మైకులు, పాటల కంప్యూటర్, ట్రాన్స్‌మిటర్ అన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్చులోకి వస్తాయి. ఏ శబ్దం ఏ దారిన పోవాలి, దేనికి ముందు దారి ఇవ్వాలి, మిగతావన్నీ ఏ పరికరం గడియారం ప్రకారం నడవాలి అనేవి ఆ స్విచ్చుకు నేర్పాలి. మూడు వారాలు నేర్పాను.

ఆ మూడు వారాలూ ఆయన నా వెనక స్టూలు వేసుకుని కూర్చుని, తెర మీద కనిపించిన అంకెలన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. ప్రింటర్ పక్కన పడేసే కాగితాలను ఏరి, దారంతో కుట్టుకున్న పుస్తకంలో రాసేవారు.

"ఎందుకు సార్ గిదంతా? మిషన్‌కు యాదికుంటది" అన్నాను.

"దానికి గుర్తుంటుందిలే బాబూ. నాకు గుర్తుండొద్దూ?" అన్నారు.

పాత మిక్సర్‌ను తుక్కు కింద అమ్మేద్దామంటే బల్ల కిందికి తోసి దాచారు. దాని నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే పాత కేబుల్‌ను కత్తిరించబోతే నా చేయి పట్టుకుని ఆపారు. "ఉండనీవయ్యా, అదేమన్నా అన్నం అడుగుతుందా?"

ఇంతలో ట్రస్టు కార్యదర్శి కొత్త సిస్టమ్ వల్ల లాభాలేమిటో ఒక రిపోర్టు రాసిమ్మన్నాడు. పని సగంలో ఉండగానే లాభాలు రాసేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు, ఎవరూ అడగని ఒక వాక్యం కూడా చివర చేర్చాను. ఇకపై ఆపరేటర్ పోస్టు అవసరం ఉండదు. ఆయనకొచ్చే పింఛను పేరుకే అని, ఇంటి కిరాయి ఈ జీతంలోంచే కడతారని నాకు తెలుసు. తెలిసే రాశాను. మూడుసార్లు ప్రింటు తీసి, దిద్ది, నాలుగోది పంపాను. దసరా అయ్యాక చూద్దామన్నాడు కార్యదర్శి.

ఆయుధపూజ రోజు పొద్దున్నే అటెండర్ అక్క పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. ఆమెది భానూర్. స్టేషన్‌లో ఆమె మాటకు ఎదురులేదు.

"ఇయ్యాల మిషన్లు బంద్ జెయ్యాలె సార్."

"ఇది బంద్ చేసేది కాదక్కా."

"పాశమైలారంల గంత పెద్ద బాయిలర్లే బంద్ జేసి బొట్టు వెడ్తరు. మీ డబ్బా గంతకన్న పెద్దదా?"

పదిన్నర నుంచి పదకొండు దాకా ఎలాగూ ప్రసారం ఉండదు. సరే కానీ అన్నట్టు నవ్వాను. చదువుకున్నవాడు చదువుకోనివాళ్లను చూసి నవ్వే నవ్వు అది. తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. అక్క యూపీఎస్ ఆపి, మెయిన్ దించింది. స్విచ్చుకు బొట్టు పెట్టింది, మైకులకు బంతిపూలు చుట్టింది, బల్ల కింద ఉన్న పాత మిక్సర్‌ను కూడా వదల్లేదు. కార్యదర్శి గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టాడు. పదకొండుకు ఐదు నిమిషాలుందనగా మళ్లీ కరెంటు వేశాం.

స్విచ్చు దీపాలన్నీ వెలిగాయి. ఒక్క మైకూ పలకలేదు. తెర తెరిచి చూస్తే నా మూడు వారాల కష్టం జాడ కూడా లేదు. ఆ స్విచ్చు చెప్పిన పని వెంటనే చేస్తుంది గానీ, చివర్లో విడిగా 'సేవ్' నొక్కకపోతే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. నేను నొక్కలేదు. యూపీఎస్ పుణ్యాన ఇన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు. మరపు లేనిదని ఊరంతా చాటిన యంత్రానికి గుర్తుంచుకోమని చెప్పడమే మరిచిపోయాను.

పదకొండు కొట్టింది. కార్మికులు ఒకరికొకరు దసరా శుభాకాంక్షలు చెప్పుకునే లైవ్ కార్యక్రమం మొదలవ్వాలి. రేడియోలో గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. పెద్దాయన మోకాళ్లు పట్టుకుంటూ బల్ల కిందికి దూరి, పాత మిక్సర్ లాగి, ఒక మైకు, ఆ అన్నం అడగని కేబుల్ తగిలించారు. నాలుగు నిమిషాల్లో ప్రసారం మొదలైంది. తర్వాత ఆ కుట్టు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు.

"చూసి కొట్టు బాబూ. ఇక్కడ నేను చూసుకుంటాను."

కొట్టుకుంటూ పోయాను. ఒక్క అంకె తప్పు లేదు. పుస్తకం సగం దాటాక ఒక కాగితం తిప్పితే వెనకవైపు అచ్చు అక్షరాలు కనిపించాయి. నా రిపోర్టు చిత్తుప్రతి. "ఇకపై ఆపరేటర్ పోస్టు బహుశా అవసరం ఉండదు." అందులో 'బహుశా'ను ఎర్ర పెన్నుతో కొట్టేసింది నేనే. తలెత్తి చూశాను. స్టూడియో అద్దం అవతల ఆయన ఎవరో ఒడిశా కార్మికుడు మైకులో పాడుతున్న పాటకు శబ్దం సరిచేస్తున్నారు. కాగితాన్ని మళ్లీ అంకెల వైపు తిప్పాను. తల దించుకుని కొడుతూనే ఉన్నాను.

పదకొండున్నరకు కొత్త సిస్టమ్ అంతా మళ్లీ లేచింది. సేవ్ మూడుసార్లు నొక్కాను. కార్యదర్శి ప్రసాదం పళ్లెంతో లోపలికి వచ్చి, నా చేతిలో ఇంత కొబ్బరి పెట్టాడు.

"నాలుగు నిమిషాలు సౌండ్ రాలేదేంది? ఎవరు ఏం జేసిండ్రు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని.

"నేనే బంద్ జేసిన సార్" అని అక్క ముందుకొచ్చింది.

"ఎవరి తప్పూ లేదండీ. కరెంటు ఆపి మళ్లీ వేశాం కదా, కాస్త టైం పట్టింది. ఈ అబ్బాయి చకచకా సర్దేశాడు" అన్నారు పెద్దాయన.

"సూసిండ్రా! పాతదైతే పూటంత పోతుండె" అని కార్యదర్శి బొట్టు పెట్టిన స్విచ్చును ముద్దుగా తట్టాడు. తర్వాత నా వైపు వంగి, గొంతు తగ్గించి, "రిపోర్టుల నువ్వు రాసినట్టే జేద్దాం. ఇగ పెద్దాయనను పరేషాన్ జేసుడెందుకు?" అన్నాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ నా నోట్లో కొబ్బరి ఉంది. అది నమిలి మింగేసరికి కార్యదర్శి కారెక్కాడు. ఆ తర్వాత ఫోన్ చేసి చెప్పడానికి, పెద్దాయన కొలువు ముగిసే నెలాఖరు దాకా వ్యవధి ఉంది. ఆ నెలంతా నా నోట్లో కొబ్బరేమీ లేదు.

అవసరం లేదని రాసిన ఆ కుర్చీలో ఇప్పుడు పొద్దున ఆరింటికి నేనే కూర్చుంటున్నాను. ఎవరో ఒకరు కూర్చోవాలి మరి.

చివరి రోజు పెద్దాయన మిక్సర్‌నూ పుస్తకాన్నీ నాకే వదిలేసి బయల్దేరారు. గేటు దాకా వెంట వెళ్లాను. క్షమించమని అడగాలని వెళ్లాను.

"సార్, మీ పుస్తకంల ఆ కాగితం... దాని ఎనక..."

"రెండోవైపు ఖాళీగా ఉంది కదా బాబూ. దండగ చేయడం ఎందుకని రాసుకున్నాను" అన్నారు. షేర్ ఆటో ఎక్కబోతూ ఆగి అడిగారు. "ఇంతకీ సేవ్ చేశావా?"

"చేసిన సార్" అన్నాను.