సానబట్టిన ఇత్తడి ఫ్యాన్

మా బాబు వేలు బొమ్మ పడవ వెనక ఫ్యాన్‌కు తగలబోతుంటే, ఆ మనిషి బొటనవేలు రిమోట్ మీదికి జరగడం చూశాను. మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్లే బస్సులో మా పక్క సీట్లో కూర్చున్నాడతను. పాత రిమోట్ పడవను బాగుచేసి, ప్లాస్టిక్ ఫ్యాన్ తీసేసి సానబట్టిన ఇత్తడిది బిగించానని చెబుతూ మా బాబుకీ పాపకీ చూపిస్తున్నాడు. బాబు చెయ్యి లాగేశాను. మరుక్షణం ఫ్యాన్ గిర్రున తిరిగింది.

“వేలు తెగిపోయేది కదండీ!” అన్నాను.

“ఒక్కపారి తెగితే జిందగీల మళ్ల ముట్టడక్కా,” అని నవ్వి, నాకు మాత్రమే వినబడేలా వంగి అన్నాడు: “మా నాయిన నాకు గిట్లనే నేర్పిండు.”

అతని చూపుడువేలు సగమే ఉంది.

మర్నాడు పొద్దున పాప అడిగింది, ఆ అంకుల్ వేలు ఏమైందని. పుట్టుకతోనే అంతేనని ఇద్దరికీ చెప్పాను.