బియ్యం కడిగిన నీళ్లకు జామకాయలు

1979 జనవరిలో కోనసీమ నుంచి హైదరాబాదు బార్కస్‌లోని మా చెల్లెలింటికి వెళ్లి పదకొండు రోజులున్నాను. పక్కనే సాలం భాయ్ జామతోట. కాయలకు డబ్బివ్వబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"పైసలొద్దమ్మా. బియ్యం కడిగిన నీళ్లు తే. చెంబుకు రెండు కాయలిస్త."

ఎందుకని అడిగితే బావి చూపించాడు. అవతలి పొలంలో వరికి కొత్తగా మోటారు పెట్టారట. ఒక్క ఏడాదిలో ఈ బావిలో తొమ్మిది మెట్లు బయటపడ్డాయి. పాచి గుర్తు నుంచి నేనే లెక్కపెట్టాను. కాయ మీదున్న చెట్లు వాడిపోతున్నాయి.

"నా నీళ్లు వరి తాగింది. ఇగ బియ్యం కాడ వసూల్ జేస్తున్న," అని నవ్వాడు.

వీధివాళ్లంతా అలాగే కాయలు తెచ్చుకుంటున్నారు. కాలవ కింద పుట్టినదాన్ని, నీళ్లకు ఇలాంటి బేరం ఎన్నడూ చూడలేదు.

మర్నాడు బిందెలో ఆరు చెంబుల నీళ్లు తీసుకెళ్లాను. ఆయన లోపలికి తొంగిచూశాడు.

"ఏందమ్మా, తెలుపే లేదు! బియ్యం ఎన్నిసార్లు కడిగినవ్?"

"ఆరుసార్లు."

"మరి అన్నంల ఏం మిగిలింది?"

చెట్లను చూసి మనసాగలేదని ఒప్పుకున్నాను. సాలం భాయ్ రెండు చెంబులకే లెక్కగట్టి నాలుగు కాయలిచ్చాడు. మిగతా నాలుగు చెంబులూ చుక్క పోకుండా చెట్ల మొదళ్లలో పోసుకున్నాడు.