ఉబ్బిన గొట్టం

బోధన్‌లో తుపాకులు బాగుచేసే ఉస్తాద్, ఎవరు ఏ తుపాకి తెచ్చినా దాన్ని మధ్య కీలు దగ్గర వంచి, గొట్టంలోంచి ఆకాశం చూసేవాడు. బాగుంటే "సాఫ్" అనేవాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు.

మా బాపు జోడుగొట్టాల విలాయతి తుపాకి తెచ్చిననాడు మాత్రం చాలాసేపు చూశాడు.

"గొట్టం ఉబ్బింది పటేలా. పేలిస్తే మొకం పోతది."

"అడివిపందులు చెరుకంత నములుతున్నయ్. ఇటియ్యి, నేను సూసుకుంట."

ఉస్తాద్ ఆ గొట్టాలను రంపంతో రెండు ముక్కలుగా కోసి బాపు చేతిలో పెట్టాడు. బాపు తిట్టని తిట్టు లేదు.

మర్నాటి నుంచి కోతలయ్యేదాకా ఉస్తాద్ రోజూ సాయంత్రం సైకిల్ మీద మా చేనికి వచ్చి, బాపు పక్కన నిలబడి రేకుడబ్బా వాయించాడు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. పందులు సగం చెరుకు తిని పోయాయి.