ముప్పై అంగల రాయి

మా మేనమామ చేసిన బాణం కోసం కుప్పం వైపు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. ఆయన బాణాలు చేయడం మానేసింది నా వల్ల. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే ముఖం లేక చెప్పలేదు, అంతే.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. పలమనేరుకు పైన, అడవి అంచున మా రాగి చేలు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క నాటు తుపాకి మందు దొరక్క అటకెక్కింది. కంకి పాలు పోసుకునే వేళకు కణితులు దిగేవి. దుప్పి జాతే గానీ ఒళ్ళు ఎద్దంత. రెండు దిగితే ఆ చేను మీద ఆశ వదులుకోవలసిందే. కాబట్టి విల్లు తప్ప మాకు వేరే గతి లేదు.

విల్లు పట్టేవాడికి మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. చెనిక్కాయలు పీకేసిన చేనులో గడ్డిమోపు నిలబెట్టి, దానికి టెంకాయ చిప్ప కట్టేవాళ్ళు. ఐదు బాణాలు వేయాలి. ఐదూ చిప్పకు తగిలే చోటు నుంచి మోపు దాకా ఎవరి అంగలతో వాళ్ళే కొలుచుకుని, నిలబడ్డ చోట రాయి పాతుకోవాలి. నాలుగు తగిలి ఒకటి తప్పినా మోపు వైపుకు జరగాల్సిందే. అడవిలో ఆ దూరం దాటి బాణం వదలకూడదు. మామ రాయి ముప్పై ఐదు అంగల్లో ఉండేది, నాది ముప్పైలో. ఇరవై రెండేళ్ళవాణ్ణి, కొత్తగా పెళ్ళయినవాణ్ణి, ఆయన కన్నా జానెడు పొడుగు. ఆ రాయిని చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

"కణితి ఒళ్ళు పెద్దది అల్లుడా," అనేవాడు మామ. "పెద్దది గాబట్టి దగ్గరుండేట్టు అగుపిస్తాది. ఒంటిని సూసి కొలవొద్దు, సెవిని సూడు. సెవి లోపల ఎంటికలు కనపడితే ఎయ్యి. ఉత్త సెవే కనపడితే గమ్మునుండు. మద్దెలో బయలు ఇసక ఉంటే మట్టుకు నీ కంటిని నువ్వే నమ్మొద్దు."

వినీ వినీ నాకు విసుగొచ్చేది. నాకేదో కళ్ళు లేనట్టు!

ఆ రోజు తెల్లవారుతుండగా మామ చేనుకు పై గట్టున, నేను కింద నీళ్ళు లేని ఇసుక వంక ఒడ్డున కాపు కాస్తున్నాము. వంకకు అవతల, పొద వెనక నుంచి కణితి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. చెవి కనిపించింది. వెంట్రుకలు కనిపించాయా అంటే, లేదు. కనిపించాయని అనుకున్నాను. మామ కన్నా ముందు నేనే కొట్టాలి, అదొక్కటే నా బుర్రలో ఉంది. బాణం వదిలాను. భుజం వెనక తగలాల్సింది కిందికి జారి కడుపులో తగిలింది. అది ఒక్క ఎగురు ఎగిరి అడవిలోకి పోయింది.

మామ పరిగెత్తుకుని వచ్చాడు. "ఎన్ని అంగలు?"

"ముప్పై మామా."

ఆయన నెత్తురు జాడ పట్టుకుని పొదల్లోకి పోయాక, నేను మళ్ళీ నిలబడిన చోటికి వచ్చి అక్కడి నుంచి కొలుచుకుంటూ వంక దాటాను. నలభై నాలుగు. వెంటనే పిలిచి చెప్పి ఉంటే సరిపోయేది. రెండు తిట్లు తిట్టేవాడు, నా విల్లు లాక్కునేవాడు. నేను నోరు మూసుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం దొరికింది, ఒక ఊటగుంట పక్కన, ఇంకా ప్రాణంతో. కడుపు ఎగిసెగిసి పడుతోంది. మా వైపు తలెత్తడానికి చూసింది, చేత కాలేదు. మామే కత్తితో దాని బాధ తీర్చాడు. బాణం లాగి చూస్తే ఇనప మొన మాత్రమే దిగింది, కర్ర కొంచెం కూడా దిగలేదు.

"ఎన్ని అంగలన్నావు?"

"ముప్పై."

మూడో రోజు పొద్దున నన్ను ఇంటికి పిలిచాడు. తిన్నె మీద తన బాణాలన్నీ పరిచి ఉన్నాయి. "ఇంగొక తూరి సెప్పు అల్లుడా. ఎన్ని అంగలు?"

"ముప్పై మామా. ఇంకా తక్కువే ఉంటుంది."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "అట్లయితే నా సేతిలో పట్టు పోయుండాది. ముప్పైలో దిగని బాణం జనానికిస్తే ఆ పాపం నాది," అని కట్ట కట్టి తీసుకుపోయి నీళ్ళపొయ్యిలో పెట్టాడు. బాణాల వెనక కట్టిన నెమలీకలు కాలిన కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అది చూస్తూ నిలబడ్డాను, ఛీ.

ఆ తర్వాత బాణం కోసం వచ్చినవాళ్ళను చేతకాదని పంపించేశాడు. వాళ్ళు ఊరు దాటేలోపే, ముసలోడి పని అయిపోయిందని అనుకుంటూ పోయేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడుతూనే ఉండేది. మూడేళ్ళు తాళ్ళు పేనుకుంటూ బతికి, చనిపోయాడు.

దినాలు అయిపోయిన మరునాడు అత్త నాకు సంగటి పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ కణితి దొరికిన దినం సాయంత్రమే మీ మామ వంక కాడికి పోయి కొలిచినాడు," అంది. "నలబై నాలుగంట."

నా నోరు అప్పుడు కూడా ఊరుకోలేదు. "మామ అంగ చిన్నది కదత్తా."

"ఆయన అంగతో కొలవలే. ఇసకలో నీ అడుగులుండె కదా, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు, వరసగా. వాటిలోనే కాళ్ళు చాపి చాపి ఏసుకుంటా పోయినాడు. ఇవి కొలిచిన అడుగులే, వానికీ తెలుసు, రేపొచ్చి సెప్తాడులే అన్నాడు."

అత్త పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుంది.

"తప్పు తన మీదేసుకుంటేనన్నా నీకు నోరొస్తాదనుకున్నాడు. బాణాలు కాల్చినాక కూడా నెల దినాలు తిన్నె మీదే కూసున్నాడు, నువ్వొస్తావని." సంగటి మీద ఇంకొంచెం పులుసు పోసింది. "తిను, సల్లారిపోతాది."

నేను తిన్నాను.